ఒంటరి ఎలక్ట్రాన్ అనే సౌలభ్యం

గ్రాఫీన్ గురించి వచ్చే పరిచయ వ్యాసాలు, ఏ భాషలో చదివినా, దాదాపు ఒకే దారిన నడుస్తాయి. 2004లో మాంచెస్టర్‌లో ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ గ్రాఫైట్ ముక్కకు టేపు అతికించి ఊడబెరికారు. ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ పొర చేతికొచ్చింది. 2010లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పొరలో ఎలక్ట్రాన్లు ద్రవ్యరాశి లేనట్టుగా, ఒకదాన్నొకటి పట్టించుకోకుండా దూసుకుపోతాయని ఆ వ్యాసాలు చెబుతాయి. అక్కడి నుంచి కథ 2018కి దూకుతుంది. ఎంఐటీలో పాబ్లో హరీయో ఎర్రేరో బృందం రెండు పొరలను 1.1 డిగ్రీల మెలికతో పేర్చింది; అప్పటిదాకా దేని దారిన అది పోయిన ఎలక్ట్రాన్లు హఠాత్తుగా ఒకదానితో ఒకటి కలబడ్డాయి; అతివాహకత పుట్టింది. ఈ కథలో తేదీలన్నీ సరైనవే. వాటిని కలిపిన తీరే సరిగా లేదు. ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ గ్రాఫీన్‌లో ఏనాడూ లేకుండా పోలేదు. అది కొలతకు చిక్కని కాలం ఒకటుంది. ఆ చిక్కకపోవడాన్నే పదార్థం స్వభావమనుకున్నాం. అది బయటపడడానికి కొత్త సిద్ధాంతం కన్నా, ఆ ప్రసిద్ధమైన మెలిక కన్నా, శుభ్రమైన నమూనాలు తయారుచేయడం నేర్చుకోవడమే పెద్ద కారణమని ఈ వ్యాసంలో వాదించదలచుకున్నాను. ఈ వాదనకు హద్దులున్నాయి; అవీ చెబుతాను.

తొలి దశలు చాలామందికి తెలిసినవే కాబట్టి త్వరగా దాటవచ్చు. తెలుగు వ్యాసాల్లో కనబడని ఒక సంగతి మాత్రం ప్రస్తావించాలి. కార్బన్ వలయాల్లో ఎలక్ట్రాన్లు ఒక్క పరమాణువుకు కట్టుబడక పొర వెంట విశాలంగా తిరుగుతాయన్న ఆలోచనకు బలమిచ్చిన కొలతలు కొన్ని కలకత్తాలో రామన్ చుట్టూ చేరిన కుర్రవాళ్లు చేసినవి. ఆగిరిపల్లిలో పుట్టి, తర్వాతి రోజుల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయిన సూరి భగవంతం 1929లో నాఫ్తలీన్ స్ఫటికాల అయస్కాంత గుణం దిక్కును బట్టి ఎలా మారుతుందో కొలిచి రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. నాఫ్తలీన్ అణువంటే పక్కపక్కన అతుక్కున్న రెండు షడ్భుజ వలయాలు. ఆ వలయాలను అంతులేకుండా అల్లుకుంటూ పోతే గ్రాఫీన్ అవుతుంది. అదే కలకత్తాలో కె.ఎస్. కృష్ణన్, ఎన్. గంగూలీ 1939లో గ్రాఫైట్ విద్యుద్వాహకత పొర వెంట ఒకలా, పొరకు అడ్డంగా ఇంకోలా ఉంటుందని చూపారు. 1941లో దాని అయస్కాంత గుణాన్ని పొరలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లతో వివరించారు. 1947లో, అణు రియాక్టర్లకు గ్రాఫైట్ అవసరమైన రోజుల్లో, కెనడాలో ఫిలిప్ వాలెస్ గ్రాఫైట్ లెక్కకు తొలిమెట్టుగా ఒకే పొరను తీసుకుని, అందులో ఎలక్ట్రాన్ శక్తి దాని ద్రవ్యవేగానికి సరళ నిష్పత్తిలో ఉంటుందని తేల్చాడు. 1956లో మెక్‌క్లూర్, 1984లో సెమెనోఫ్ ఆ లెక్కను ముందుకు తీసుకుపోయారు. వాలెస్ నుంచి సెమెనోఫ్ దాకా ఈ లెక్కలన్నీ ఒక్క ఎలక్ట్రాన్‌ను ఒంటరిగా తీసుకుని, మిగతావాటిని నేపథ్యంగా మార్చి చేసినవే. అది లెక్క సౌలభ్యం. అలా చేసినందుకు వారిని తప్పుపట్టలేం. ఆ సౌలభ్యాన్ని తర్వాతివారు ప్రకృతి సత్యంగా చదవడంతోనే చిక్కు వచ్చింది.

మామూలు లోహాల్లో ఈ సౌలభ్యానికి గట్టి సమర్థన ఉంది. లాందావ్ 1956లో చూపినదేమంటే, ఎలక్ట్రాన్లు ఎంత గట్టిగా నెట్టుకున్నా, నిండిపోయిన శక్తిస్థాయిల వల్ల ఢీకొనడానికి వాటికి ఖాళీ దొరకదు. వికర్షణ ప్రభావమంతా ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి కాస్త మారినట్టుగా మాత్రమే కనబడుతుంది. పైగా రెండు ఎలక్ట్రాన్లు ఢీకొన్నా వాటి మొత్తం ద్రవ్యవేగం మారదు కాబట్టి రోధం పెద్దగా పెరగదు. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో జనరేటర్‌కు చుట్టే రాగి విషయంలో ఇంజనీరు ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణను లెక్కలోకి తెచ్చుకోనక్కర లేకపోవడానికి కారణం ఇదే. గ్రాఫీన్‌లో ఈ రెండు సమర్థనలూ, కనీసం ధన రుణ ఆవేశాలు సమానమయ్యే డిరాక్ బిందువు దగ్గర, నిలబడవు. అక్కడ శక్తిస్థాయిలు చాలా తక్కువ. ఒక ఎలక్ట్రాన్ విద్యుత్ క్షేత్రాన్ని కప్పడానికి చుట్టూ చాలినన్ని ఎలక్ట్రాన్లు ఉండవు. వికర్షణ దూరం దాకా పాకుతుంది. ఇక రోధం సంగతి: వోల్టేజి పెడితే ఎలక్ట్రాన్లు ఒక దిక్కుకు, అవి ఖాళీచేసిన చోట్లు, అంటే హోల్స్, ఎదురు దిక్కుకు పోతాయి. అవి ఒకదాన్నొకటి ఢీకొంటే కరెంటు తగ్గుతుంది. పొరలో మచ్చుకైనా మలినం లేకపోయినా ఆ రోధం మిగులుతుంది.

వికర్షణ ఎంత బలమైనదో చెప్పే అంకె కూడా గ్రాఫీన్‌లో విచిత్రంగా ఉంటుంది. మామూలు లోహంలో వికర్షణ శక్తికీ చలనశక్తికీ నిష్పత్తి ఎలక్ట్రాన్ల సాంద్రతతో మారుతుంది. గ్రాఫీన్‌లో శక్తి సరళ నిష్పత్తిలో ఉండడం వల్ల సాంద్రత రెండు వైపులా ఒకేలా పనిచేసి కొట్టుకుపోతుంది. కాంతికీ ఆవేశానికీ మధ్య బంధాన్ని కొలిచే స్థిరాంకం సుమారు 1/137. గ్రాఫీన్ ఎలక్ట్రాన్ వేగం సెకనుకు దాదాపు 10 లక్షల మీటర్లు, అంటే కాంతివేగంలో 300వ వంతు. రెండింటినీ కలిపితే శూన్యంలో వేలాడే గ్రాఫీన్‌కు ఆ నిష్పత్తి సుమారు 2.2. సిలికాన్ డయాక్సైడ్ పలక మీద పరిచితే 0.9 దగ్గర. ఒకటికి ఇంత దగ్గరగానో, దానికి మించో ఉన్న అంకెను చూసి "పరస్పర చర్య లేదు" అనడం ఎలా సాధ్యమైందన్నదే చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్న. గొంజాలెజ్, గినియా, వోజ్‌మెదియానో అనే స్పెయిన్ శాస్త్రవేత్తలు 1994లోనే, టేపు ప్రయోగానికి పదేళ్ల ముందే, ఈ దీర్ఘదూర వికర్షణ వల్ల డిరాక్ బిందువును సమీపించే కొద్దీ ఎలక్ట్రాన్ వేగం నెమ్మదిగా, లాగరిథమ్ లెక్కన పెరగాలని రాశారు. అంటే ఒంటరి ఎలక్ట్రాన్ సరళరేఖ కచ్చితంగా సరళరేఖ కాదు, ఆ మొనలో వంగాలి.

2005 నవంబర్‌లో మాంచెస్టర్ బృందం, కొలంబియాలో ఫిలిప్ కిమ్ బృందం పక్కపక్కన ప్రచురించిన క్వాంటం హాల్ ఫలితాలు మాత్రం వాలెస్ లెక్కకు చక్కగా సరిపోయాయి. వికర్షణను తలవకుండానే అంకెలన్నీ కుదిరాయి. 2008లో అమీర్ యాకోబీ తదితరులు డిరాక్ బిందువు చుట్టూ ఎలక్ట్రాన్ల సాంద్రతను సూక్ష్మంగా కొలిచినప్పుడు కూడా విడి ఎలక్ట్రాన్ సిద్ధాంతమే చాలినట్టు కనబడింది. ఆనాటి ఉత్సాహాన్ని తప్పుపట్టను. అయితే అదే 2008 కొలత ఇంకో సంగతిని బయటపెట్టింది, దానికి దక్కవలసిన గమనిక దక్కలేదు. సిలికాన్ డయాక్సైడ్ పలకలోని, పొరకు అంటుకున్న మలినాల్లోని ఆవేశాల వల్ల గ్రాఫీన్ అంతటా ఎలక్ట్రాన్ల మడుగులు, హోల్స్ మడుగులు ఏర్పడి ఉన్నాయి. చదరపు సెంటీమీటరుకు 10,000 కోట్ల ఆవేశాల స్థాయిలో ఆ హెచ్చుతగ్గులున్నాయి. అంత సాంద్రతకు సరిపడే ఎలక్ట్రాన్ శక్తి గది ఉష్ణోగ్రత ఇచ్చే శక్తి కంటే ఎక్కువ. అంటే వికర్షణ తన విశ్వరూపం చూపవలసిన డిరాక్ బిందువు, ఆ నమూనాల్లో, సగటున తప్ప ఎక్కడా నిజంగా లేదు. బీరంగూడ కమాన్ ముందు హైవే మీద రోజూ పోయేవారికి ఇది వేరే చెప్పనక్కర లేదు: రోడ్డు గుంతలమయంగా ఉన్నన్నాళ్లూ బండ్ల వేగాన్ని గుంతలే నిర్ణయిస్తాయి, ఒక బండి వల్ల ఇంకో బండి ఎంత ఆగుతున్నదో రోడ్డు బాగుపడ్డాకే బయటపడుతుంది. శంకర్ దాస్ శర్మ బృందం 2007లో గ్రాఫీన్ కనిష్ఠ వాహకతను ఈ మలిన ఆవేశాలతోనే వివరించింది. ఆ వివరణ నెగ్గింది. నెగ్గడంలోనే, తాము కొలుస్తున్నది గ్రాఫీన్‌ను కాదు, పలకను అన్న ఒప్పుకోలు ఉంది.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. మలినాల వల్లే వికర్షణ కనబడలేదంటే, మలినాల పట్టింపు అంతగా లేని కొలతల్లోనైనా అది కనబడాలి కదా? 2008లోనే రాహుల్ నాయర్ తదితరులు మాంచెస్టర్‌లో గ్రాఫీన్ పొర తన మీద పడిన తెల్లని కాంతిలో 2.3 శాతం పీల్చుకుంటుందని కొలిచారు. ఒంటరి ఎలక్ట్రాన్ లెక్క చెప్పే అంకె సరిగ్గా అదే. పైగా అది ప్రకృతి స్థిరాంకంతోనే తేలిపోతుంది. వికర్షణ బలం 2.2 స్థాయిలో ఉంటే ఆ అంకె కదలకుండా ఎలా ఉంది? ఈ ప్రశ్నకు జవాబు సిద్ధాంతం నుంచే వచ్చింది. మిష్చెంకో 2008లో లెక్కవేసి చూపినట్టు, వికర్షణ ఒక వైపు ఎలక్ట్రాన్ వేగాన్ని పెంచుతుంది, మరో వైపు కాంతి వల్ల పుట్టిన ఎలక్ట్రాన్-హోల్ జంటను దగ్గరకు లాగుతుంది. రెండు సవరణలూ దాదాపు పూర్తిగా రద్దయి, మిగిలే గుణకం సుమారు 0.01. ఆ గుణకం మీద కొన్నాళ్లు వాదన నడిచిన మాట నిజమే, కానీ చిన్నదన్న తీర్పు నిలిచింది. కాబట్టి 2.3 శాతం కదలకపోవడాన్ని వికర్షణ లేదనడానికి సాక్ష్యంగా తీసుకోలేం. అన్ని కొలతలూ అన్ని ప్రశ్నలకూ జవాబివ్వవు. ఒంటరి ఎలక్ట్రాన్ చిత్రం నెగ్గిన చోట్లలో కొన్ని ఇలా రద్దుల వల్ల నెగ్గినవే.

ఇక నా వాదనకు అనుకూలమైన సాక్ష్యం ఆ "నిశ్శబ్ద కాలం" లోపలే దొరుకుతుంది. 2006లో కిమ్ బృందం 45 టెస్లాల అయస్కాంత క్షేత్రంలో గ్రాఫీన్‌ను కొలిచినప్పుడు, 2005లో సరిపోయిన లెక్క ఊహించని కొత్త మెట్లు క్వాంటం హాల్ కొలతలో కనబడ్డాయి. బలమైన అయస్కాంత క్షేత్రం ఎలక్ట్రాన్ల చలనశక్తిని అణచివేస్తుంది. అప్పుడు మిగిలేది వికర్షణే. ఆ మెట్లకు కారణం వికర్షణేనని తర్వాత స్థిరపడింది. 2008లో కొలంబియాలో బొలోటిన్ తదితరులు, రట్గర్స్‌లో ఎవా ఆంద్రే బృందం పలకను కింద నుంచి కరిగించి గ్రాఫీన్‌ను గాలిలో వేలాడదీశారు. ఆ తర్వాత బొలోటిన్ బృందం ఆ పొరలోనే కరెంటు పంపి వేడెక్కించి అంటుకున్న మలినాలను తరిమింది. పలక మీద 10,000 చుట్టుపక్కల ఉండే చలనశీలత ఒక్కసారిగా 2,00,000 దాటింది. 2009 చివర్లో ఈ రెండు బృందాలే అలాంటి నమూనాల్లో భిన్న క్వాంటం హాల్ స్థితిని, మూడో వంతు మెట్టును, చూపాయి. అది ఎలక్ట్రాన్లు పరస్పరం సర్దుకుంటే తప్ప ఏర్పడని స్థితి. ఈ వరుసను జాగ్రత్తగా చదవాలి. టేపు అదే, గ్రాఫైట్ అదే, సిద్ధాంతమూ 1980ల నాటిదే, మారింది మలినం. 2011లో గైమ్ బృందం వేలాడే పొరల్లో ఎలక్ట్రాన్ వేగాన్ని సాంద్రత తగ్గించుకుంటూ కొలిచింది. సాంద్రత చదరపు సెంటీమీటరుకు 1,000 కోట్ల కంటే కిందికి దిగేసరికి వేగం 10 లక్షల నుంచి దాదాపు 30 లక్షల మీటర్లకు పెరిగింది. సరళరేఖ మొన నిజంగానే వంగింది, స్పెయిన్ శాస్త్రవేత్తలు రాసిన 17 ఏళ్ల తర్వాత.

అంటే సిద్ధాంతమే ముందు నడిచింది కదా, ప్రయోగం దాన్ని ధ్రువీకరించింది అంతే కదా అని ఎవరైనా అనవచ్చు. 1994 వ్యాసానికి ఇవ్వవలసిన గౌరవం ఇస్తూనే, ఆ సౌమ్యమైన చిత్రానికి నేను ఒప్పుకోను. అదే కాలంలో సిద్ధాంతం దీనికి పూర్తి విరుద్ధమైనదీ చెప్పింది. 2009లో డ్రూట్, లాహ్డె క్వార్కుల లెక్కలకు వాడే కంప్యూటర్ పద్ధతిని గ్రాఫీన్‌కు వాడి, ఆ నిష్పత్తి 1.1 దాటితే ఎలక్ట్రాన్లు, హోల్స్ జతకట్టి గ్రాఫీన్ విద్యుద్బంధకంగా మారుతుందని చెప్పారు. శూన్యంలో నిష్పత్తి 2.2 కాబట్టి వేలాడే గ్రాఫీన్ కరెంటు పారని పదార్థం కావాలి. ఇంకో వైపు 2010లో అబమోంటే బృందంలోని రీడ్ తదితరులు ఎక్స్‌రేలతో గ్రాఫైట్‌ను కొలిచి, గ్రాఫీన్‌లో వికర్షణ ప్రభావ బలం 0.14 దగ్గరే ఉంటుందని, అంటే ఒంటరి ఎలక్ట్రాన్ చిత్రమే సరైనదని వాదించారు. రెండింటికీ పేరున్న పత్రికలే వేదికలయ్యాయి. ఒకరి లెక్కన వికర్షణ గ్రాఫీన్‌ను చంపేయాలి, ఇంకొకరి లెక్కన దాన్ని మరచిపోవచ్చు. ఆ తగవును తీర్చింది 2011 నాటి శుభ్రమైన నమూనాలే: డిరాక్ బిందువుకు 0.1 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గరదాకా వెళ్లినా శక్తి ఖాళీ కనబడలేదు, కానీ వేగం మూడింతలైంది. విద్యుద్బంధకమూ కాదు, ఒంటరి ఎలక్ట్రాన్లూ కావు. సిద్ధాంతానికి దారి చూపే శక్తి ఉంది, సరే. రెండు దారులు చూపినప్పుడు ఏది నిజమో చెప్పే శక్తి దానికి లేకపోయింది.

ఇక్కడ నా ఇష్ట కారణానికి నేనే హద్దు గీయాలి. వికర్షణను దాచింది బయటి మలినం ఒక్కటే కాదు. విద్యుద్బంధకం ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు గ్రాఫీన్ లోపలే ఉంది. కరెంటు మోసే ఎలక్ట్రాన్లు కాక, కార్బన్ పరమాణువులను పక్కపక్కన బిగించి పట్టుకునే ఎలక్ట్రాన్లు వేరే ఉన్నాయి. దగ్గరి దూరాల్లో వికర్షణను అవి కప్పేస్తాయి. 2011లో వెలింగ్ తదితరులు ఆ కప్పును లెక్కలోకి తీసుకుని, ఒకే పరమాణువు మీద చేరిన రెండు ఎలక్ట్రాన్ల వికర్షణ 9.3 ఎలక్ట్రాన్ వోల్ట్లని తేల్చారు. ఎలక్ట్రాన్ పక్క పరమాణువుకు గెంతే శక్తి సుమారు 2.8 కాబట్టి నిష్పత్తి 3.3. తేనెపట్టు అల్లికలో 3.8 దగ్గర విద్యుద్బంధకం మొదలవుతుందని కంప్యూటర్ లెక్కలు చెబుతాయి (1992లో సొరెల్లా, తొసాత్తి వేసిన తొలి అంచనా 4.5). గీత దాటలేదు గాని, గీతకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. పక్క పరమాణువుల మధ్య వికర్షణను కూడా కలిపి 2013లో షూలర్ తదితరులు లెక్కిస్తే ఆ దగ్గరతనం చాలావరకు తగ్గిపోయింది. అదే ఏడాది ఉలిబిషెవ్ తదితరులు డ్రూట్ పద్ధతినే ఈ సవరించిన వికర్షణతో మళ్లీ వాడి, శూన్యంలోనూ గ్రాఫీన్ వాహకమేనని తేల్చారు. కాబట్టి పూర్తిగా శుభ్రం చేసినా కొన్ని కనబడవు, ఎందుకంటే అవి లేవు. అయితే, ఏవి మలినం వల్ల కనబడలేదో, ఏవి నిజంగా లేవో విడదీయడానికి కూడా శుభ్రమైన నమూనా తప్ప వేరే సాధనం లేకపోయిందని గుర్తుంచుకోవాలి.

ఆ సాధనాన్ని అందరికీ అందుబాటులోకి తెచ్చినవారి పేర్లు పరిచయ వ్యాసాల్లో అరుదు. వేలాడే పొర నాజూకు, చిన్నది, చిరిగిపోతుంది. 2010లో కొలంబియాలో డీన్ తదితరులు గ్రాఫీన్‌ను హెక్సాగొనల్ బోరాన్ నైట్రైడ్ స్ఫటికం మీద పరిచి చూపారు. కార్బన్‌లాగే షడ్భుజాల అల్లిక, చదునైన తలం, విచ్చలవిడి ఆవేశాలు లేవు. ఆ స్ఫటికాలను పెంచినవారు జపాన్‌లో సుకుబాలోని జాతీయ పదార్థ శాస్త్ర సంస్థలో పనిచేసే తకాషి తనిగుచి, కెంజి వతనబె. వారు ప్రపంచమంతటా ప్రయోగశాలలకు ఆ స్ఫటికాలు పంపిస్తారు. గ్రాఫీన్ వ్యాసాల రచయితల వరుసలో చివర వారి పేర్లు ఎన్నిసార్లు కనబడతాయో ఈ రంగం తెలిసినవారికి తెలుసు. టేపుకు నోబెల్ వచ్చిందంటే అభ్యంతరం లేదు. కానీ ఎలక్ట్రాన్ల పరస్పర చర్య చరిత్రలో టేపు కంటే ఈ స్ఫటికం బరువు ఎక్కువని నా తూకం. 2016లో ఒకే సంచికలో వెలువడిన రెండు ఫలితాలు అందుకు నిదర్శనం. బోరాన్ నైట్రైడ్ మధ్య పొదిగిన గ్రాఫీన్‌లో మాంచెస్టర్ బృందం కరెంటు సుడి తిరిగి వెనక్కి పారడాన్ని, అంటే కొన్నిచోట్ల రోధం రుణాత్మకం కావడాన్ని చూపింది. ఎలక్ట్రాన్లు మలినాల కంటే ఒకదాన్నొకటి తరచుగా ఢీకొంటేనే అలా స్నిగ్ధ ద్రవంగా పారతాయి. ఆ ద్రవం తేనె కంటే చిక్కనిదని వారి లెక్క. హార్వర్డ్‌లో క్రాస్నో, కిమ్ తదితరులు డిరాక్ బిందువు దగ్గర ఉష్ణవాహకత, విద్యుద్వాహకతల నిష్పత్తి 1853 నాటి వీడెమన్-ఫ్రాంజ్ నియమం చెప్పిన విలువకు 20 రెట్లు దాటడం చూశారు. ముందు చెప్పిన కారణమే ఇక్కడ పనిచేస్తుంది: ఎదురెదురుగా పోయే ఎలక్ట్రాన్, హోల్ ఢీకొని కరెంటును ఆపుకుంటాయి, వేడిని మాత్రం రెండూ ఒకే దిక్కుకు మోస్తాయి, ఆ ప్రవాహాన్ని ఢీలు తగ్గించలేవు. బెంగళూరు ఐఐఎస్‌సీలో అరిందమ్ ఘోష్ బృందం 2025లో ఇంకా శుభ్రమైన నమూనాల్లో ఆ విచలనం 200 రెట్లు దాటిందని ప్రచురించింది. 20 నుంచి 200కు చేర్చింది సిద్ధాంతం కాదన్నది గమనించాలి.

2018 నాటి మెలికకు ఈ చరిత్రలో ఏ చోటివ్వాలి? అది కేవలం శుభ్రత వల్ల వచ్చింది కాదని ముందే ఒప్పుకుంటాను. రెండు పొరలను 1.1 డిగ్రీలు తిప్పితే ఎలక్ట్రాన్ల చలనశక్తి దాదాపు చదునైపోతుందని 2011లో బిస్ట్రిట్జర్, మక్‌డొనాల్డ్ లెక్కగట్టారు. 2010లోనే రట్గర్స్‌లో ఆంద్రే బృందం 1.16 డిగ్రీల మెలికలో ఆ చదును ఛాయను సూక్ష్మదర్శినితో చూసింది. ఎంఐటీ బృందం దాన్ని 1.7 కెల్విన్ దగ్గర అతివాహకత దాకా తీసుకెళ్లింది. గొప్ప పనే. అయితే చలనశక్తిని అణచి వికర్షణను పైకి తేవడం 2006లో అయస్కాంత క్షేత్రం చేసిన పనే. మెలిక అదే పనిని అయస్కాంతం లేకుండా చేసింది. "పరస్పర చర్య లేని పదార్థంలో మెలికే దాన్ని పుట్టించింది" అన్నది మాత్రం అతిశయోక్తి. 2021లో యంగ్ బృందం ఏ మెలికా లేని మూడు పొరల గ్రాఫీన్‌లో, మరుసటి ఏడాది రెండు పొరల్లో అతివాహకత చూపడంతో మెలికే మూలమన్న మాట ఇంకా పలచబడింది. మెలిక నమూనాల మీద నాకు మరో సందేహం కూడా ఉంది. కోణం నమూనా అంతటా ఒకేలా ఉండదని 2020లో నేరుగా పటం గీసి చూపారు. ఒకే ప్రయోగశాల చేసిన రెండు నమూనాలు ఒకే మాట చెప్పవు. 2018లో రాగి ఆక్సైడ్ అతివాహకాలతో తెచ్చిన పోలిక కూడా తొందరపాటే. 2020లో కొన్ని నమూనాల్లో విద్యుద్బంధక స్థితి మాయమైనా అతివాహకత నిలిచింది. దానికి వికర్షణ కారణమా, పరమాణువుల కంపనమా అన్నది ఇంకా తేలలేదు. తేలకముందే "గది ఉష్ణోగ్రత అతివాహకతకు దారి" అన్న శీర్షికలు ఆగడం లేదు.

గ్రాఫీన్ అన్న పేరు ఇప్పుడు పరిశోధనశాల దాటి పెయింట్లు, బ్యాటరీలు, సిమెంటు దాకా వచ్చింది. పటాన్‌చెరు, బొల్లారం బల్క్ డ్రగ్ యూనిట్లలో పనిచేసేవారికి సరుకు స్వచ్ఛతను శాతాల్లో నిరూపించకపోతే బ్యాచ్ తిరిగొస్తుందని తెలుసు. గ్రాఫీన్ పొడికి ఆ కట్టడి చాలాకాలం లేదు. 2018లో కాస్త్రో నెటో తదితరులు ప్రపంచవ్యాప్తంగా 60 కంపెనీల సరుకు పరీక్షించి, ఎక్కువ వాటిలో గ్రాఫీన్ 10 శాతం లోపేనని ప్రచురించారు. మిగతాది పలచని గ్రాఫైటే. ఆ పొడి పూతలకు పనికిరావచ్చు, వ్యాపారంగా నాకు అభ్యంతరం లేదు. అయితే ఎలక్ట్రాన్ల పరస్పర చర్య అనే విషయానికి దానితో సంబంధం లేదు, రెండింటినీ ఒకే నిధుల పద్దు కింద, ఒకే గర్వం కింద కలపడం వల్ల మౌలిక ప్రశ్నలు చేసేవారికి మిగిలేది తక్కువ. పటాన్‌చెరు ప్రాంతానికి ఒక పక్క గోపన్‌పల్లిలో టీఐఎఫ్ఆర్, ఇంకో పక్క కందిలో ఐఐటీ ఉన్నాయి. ఇక్కడి నుంచి వచ్చే తరానికి కావలసింది "అద్భుత పదార్థం" ఉపన్యాసం కన్నా, మంచి స్ఫటికం పెంచే కొలిమి, మిల్లీ కెల్విన్లకు దింపే శీతల యంత్రం. సుకుబా నుంచి వచ్చే స్ఫటికం మీద ప్రపంచమంతా ఆధారపడడం మర్యాదగా సాగుతున్నంతకాలం బాగానే ఉంటుంది.

శీతల యంత్రం మాట ఊరికే అనలేదు. 2024లో ఎంఐటీలో లాంగ్ జూ బృందం ఐదు పొరల గ్రాఫీన్‌ను బోరాన్ నైట్రైడ్‌తో జతచేసి, అయస్కాంత క్షేత్రం లేకుండానే భిన్న క్వాంటం హాల్ మెట్లను చూపింది. పొరల పేర్పు వల్ల చలనశక్తి చదునవుతుంది, మిగిలిన పని వికర్షణది. పత్రికలు దాన్ని చివరి మాటగా రాశాయి. మరుసటి ఏడాది అదే బృందం ఎలక్ట్రాన్లను 40 మిల్లీ కెల్విన్ల కంటే కిందికి చల్లబరిచి చూస్తే, ఆ భిన్నపు మెట్లలో చాలా చోట్ల వాటి స్థానంలో పూర్ణాంకపు మెట్టు విశాలంగా పరచుకుంది. ఎలక్ట్రాన్లు స్ఫటికంలా గడ్డకట్టుకున్నాయని కొందరు, మిగిలిన కాస్త మలినం వాటిని పట్టి నిలిపిందని కొందరు అంటున్నారు. బోరాన్ నైట్రైడ్ అల్లిక పాత్ర ఎంతో కూడా ఒప్పందం కుదరలేదు. ఇంకా శుభ్రమైన నమూనా వస్తే ఆ భిన్నాలు నిలుస్తాయా, పోతాయా అన్నదాని మీద పందెం కాయమంటే, ఇప్పటికైతే నేను ఏ పక్షమూ తీసుకోను.